పదిహేడక్క ఆఖరి పేపరు

సాయంత్రం ఆరింటికి పాత హాస్టలు మెట్ల కింద కూర్చుని హాజరు తీసుకోవడం మేట్రన్ పని. పదకొండేళ్ళుగా అదే కుర్చీ, ఒక కాలు నేలకి ఆనని అదే బల్ల. ఏడాదికో కొత్త రిజిస్టరు మాత్రం వస్తుంది. ఆవిడ గది నంబరు పిలుస్తుంది, అమ్మాయిలు ఉన్నామంటారు. కొందరు తల తుడుచుకుంటూ వస్తారు, కొందరు ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యెత్తుతారు. ఒకమ్మాయి ఉందో లేదో దాని గొంతే వీధి చివరిదాకా చెబుతుంది కాబట్టి దానికి అందరూ "గంట" అని పేరు పెట్టారు. అలా నలభై ఒక్కమందీ అయ్యాక మేట్రన్ కళ్ళజోడు సర్దుకుని, "పదిహేడో గది" అంటుంది.

మూడో అంతస్తు మెట్ల మలుపులోంచి "ఉన్నానండీ" అని వినిపిస్తుంది.

ఆవిడ టిక్కు పెట్టి రిజిస్టరు మూసేస్తుంది.

ఆ గొంతు పదిహేడక్కది. పోయి నలభై ఏళ్ళయింది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు బిక్కచచ్చిపోతారు, రెండోరోజు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుంటారు, మూడోరోజుకి ఆవిడ మీద ఫిర్యాదులు మొదలెడతారు. పొద్దున్నే ఐదింటికి చివరి స్నానాలగది తలుపు గడియ పడిందంటే అరగంట దాకా తియ్యదు, బయట బకెట్లు పట్టుకుని ఎంతమంది నిలబడ్డా సరే. పేపరు అందరికంటే ముందు చదివేసి పదకేళి మొత్తం నింపేస్తుంది. అయితే కిటికీ గూట్లో లెక్కల పుస్తకం తెరిచిపెట్టి కాలేజీకి వెళ్తే, తిరిగొచ్చేసరికి తప్పు చేసిన చోట పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి ఉంటుంది. జవాబు మాత్రం చెప్పదు. తప్పెక్కడో చూపిస్తుంది, అంతే. ఆ హాస్టలు పిల్లలు లెక్కల్లో తప్పరని యూనివర్సిటీలో పేరుండేది.

మేట్రన్‌కి ఆవిడ సంగతి పాత మేట్రన్ చెప్పి వెళ్ళింది. డిగ్రీ ఆఖరి ఏడాది, ఒక్క పేపరు మిగిలింది. సెలవుల్లో అందరూ ఇళ్ళకి పోతే ఆ పిల్ల చదువుకుంటానని ఉండిపోయింది. జ్వరం వచ్చింది. మూడోరోజుకి పోయింది. వారం తర్వాత పరీక్ష. ఇంటి దగ్గర ఉన్నది చదువురాని నాయనమ్మ ఒక్కతే. ఆవిడ వచ్చి, పెట్టె తీసుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. జరిగింది ఇంతే.

బయట చెప్పుకునేది వేరు. ప్రేమించినవాడు మోసం చేస్తే డాబా మీంచి దూకిందట. జుట్టు విరబోసుకుని, తెల్లబట్టలు కట్టుకుని వాడి కోసం కిటికీలోంచి చూస్తుంటుందట. మగపిల్లల హాస్టలు వాచ్‌మన్ దగ్గర ఈ కథ ఏటేటా కొంచెం ఒళ్ళు చేసేది. ఒక ఏడాది గజ్జెలు వచ్చాయి, మరో ఏడాది చంటిపిల్ల ఏడుపు వచ్చింది.

"మూడేళ్ళు వరసగా మొదటి మార్కు తెచ్చుకున్న మనిషికి, చచ్చిపోయాక కూడా మగాడి కోసం ఎదురుచూడ్డం తప్ప పనే ఉండదా?" అని గంట ఒకసారి ఆ వాచ్‌మన్‌నే నిలబెట్టి అడిగింది.

అలాంటి హాస్టలుకి ఒక సోమవారం నోటీసు వచ్చింది. భవనం పాతబడిపోయిందనీ, పైగా "పలు వదంతుల వల్ల తల్లిదండ్రులు ఆందోళన చెందుతున్నారు" కాబట్టి పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలనీ రాసి, కింద రిజిస్ట్రారు సంతకం పెట్టి ఉంది. పిల్లలు ఎక్కడికి పోవాలో ఆ కాగితంలో లేదు. ఖాళీ అయ్యాక సున్నాలు కొట్టించి, పెద్దపెద్దవాళ్ళు వచ్చినప్పుడు దిగే అతిథిగృహం చేస్తారని ఆఫీసు గుమాస్తా మేట్రన్ చెవిన వేశాడు.

అదే వారం పేపర్లో "దయ్యాల హాస్టలు" అని పెద్ద అక్షరాలతో పడింది. గజ్జెలు, చంటిపిల్ల ఏడుపు, అన్నీ ఉన్నాయి. ఆ ముక్కలు పేపరువాళ్ళ చేతికి ఏ ఆఫీసు నుంచి అందాయో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

మర్నాటి నుంచి తండ్రులు, అన్నలు, మేనమామలు దిగడం మొదలెట్టారు. అందరికంటే ముందు వచ్చినవాడు గంట నాన్న. సైకిళ్ళు బాగుచేసే మనిషి, గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. ఖాళీ సంచీ చంకన పెట్టుకుని వరండాలో నిలబడ్డాడు.

"బట్టలు సర్దుకోమ్మా. ఈ కొంపలో ఇక ఒక్కరోజు వద్దు."

"నేను రాను నాన్నా."

"దయ్యం ఉందని పేపర్లో వేశారు. ఊరంతా నన్నే అడుగుతున్నారు."

"దయ్యం కాదు నాన్నా, సీనియర్."

ఆయన సంచీ రెండో చంకలోకి మార్చుకున్నాడు. "సీనియరా? ఎంత సీనియర్?"

"నీకంటే ఓ పదిహేనేళ్ళు పెద్ద."

"వేళాకోళాలా నీకు?" అని గొంతు పెంచాడు. ఆ గొంతు కూతురికి ఎక్కడి నుంచి వచ్చిందో వరండాలో ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. "ఎలాగూ ఖాళీ చేయిస్తున్నారు. బయట గది తీసుకుని ఉంచే తాహతు నాకు లేదు. షాపులో నాకు తోడుండు, చాలు. చదివినంత చదివావు."

గంట గూట్లోంచి తన లెక్కల పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "చూడు. మొదటి నెలలో పేజీకి పది సున్నాలు. ఇప్పుడు చూడు, ఒక్కటుంటే ఒక్కటి. ఇన్నాళ్ళూ ఒక్కపూట మానకుండా దిద్దింది. నేను పోతే ఆవిడకేం చెప్పను? షాపులో పంక్చర్లు వేస్తున్నా అక్కా, ఇక నువ్వు ఖాళీయే అని చెప్పనా?"

ఆయనకి లెక్కలు రావు. కానీ ఒక మనిషి పని శ్రద్ధగా చేసిందో లేదో చెప్పడం వచ్చు. ఒక్కో పేజీ తిప్పి ఆ పెన్సిలు సున్నాలు చూశాడు. అన్నీ ఒకే కొలతలో, చక్రంలా గుండ్రంగా ఉన్నాయి.

"గడువు పదిహేను రోజులు అన్నారుగా," అన్నాడు చివరికి. "అప్పటిదాకా చూస్తా." సంచీ మడిచి, హాస్టలు గోడ పక్కన తుప్పు పట్టి పడున్న సైకిళ్ళ కేసి చూసి, "ఇవెవరివి? ఇలాగేనా ఉంచుకునేది?" అని మేట్రన్ మీద విసుక్కున్నాడు.

ఆ సాయంత్రం అమ్మాయిలు నోటీసు ఊడదీసి, వెనక్కి తిప్పి, "మేం ఖాళీ చెయ్యం" అని రాసి నలభై ఒక్క సంతకాలు పెట్టి అదే మేకుకి తగిలించారు. తెల్లారి చూస్తే నలభై రెండు సంతకాలున్నాయి. ఆఖరిది పెన్సిలుతో ఉంది.

మేట్రన్ ఆ సంతకం ముందు చాలాసేపు నిలబడింది. ఆవిడకి యాభై రెండేళ్ళు. ఒక్కసారైనా పై అధికారి ఎదుట గొంతెత్తిన మనిషి కాదు. ఇరవై నిమిషాల తర్వాత రిజిస్టరు చంకన పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతూ కనిపించింది.

రిజిస్ట్రారు మెత్తగా మాట్లాడే మనిషి. బల్ల మీద పెన్సిళ్ళన్నీ ఒకే పొడుగుకి చెక్కించి పెట్టుకుంటాడు.

"నలభై ఒక్కమందికి బయట ఏదో ఒకటి చూస్తాంలెండి," అన్నాడు.

"నలభై రెండు సార్."

"ఓ, ఆవిడా!" అని నవ్వాడు. "నేను చదువుకునే రోజుల్లో కూడా ఉండేది. పోయినవాళ్ళు లెక్కలోకి రారు మేట్రన్ గారూ."

"పోయినట్టు మన దగ్గర ఎక్కడుంది సార్?" మేట్రన్ రిజిస్టరు తెరిచి బల్ల మీద పరిచింది. పెన్సిళ్ళు రెండు దొర్లి కింద పడ్డాయి. "చేరినప్పుడు పేరు రాశారు. టీసీ ఇవ్వలేదు. డిగ్రీ ఇవ్వలేదు. పేరు కొట్టేసినట్టు ఉత్తర్వు లేదు. హాజరు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు. చదువు పూర్తికాని విద్యార్థినిని వేరే చోటు చూపించకుండా హాస్టలు నుంచి పంపకూడదని రూలు. రూలు మీదే. ఈవిడకి ఏ చోటు చూపిస్తారు?"

రిజిస్ట్రారు గుమాస్తాని పిలిచి పాత చేరికల పుస్తకం తెప్పించాడు. దుమ్ము దులిపి పేజీ తీస్తే పేరు నిక్షేపంలా ఉంది. దాని మీద ఏ గీతా లేదు. ఆయన ఐదు నిమిషాలు ఆలోచించాడు. తర్వాత మొహం విప్పారింది.

"మీరన్నది నిజమే. చదువు పూర్తి కాలేదు. పూర్తి చేయిద్దాం. ఒక్క పేపరేగా మిగిలింది? వచ్చే వారం ఎలాగూ పరీక్షలు. రాస్తుంది, పాసవుతుంది, డిగ్రీ చేతికిస్తాం. ఇక హాస్టల్లో ఆవిడకేం పని?"

మేట్రన్ తాను వేసిన ముడిలో తనే చిక్కుకుంది.

ఉత్తర్వు ఆ సాయంత్రమే తయారైంది. పోయినమనిషి పేరు సర్కారు కాగితం మీద రాస్తే రేపు నలుగురూ నవ్వుతారని రిజిస్ట్రారు జాగ్రత్త పడ్డాడు. "పాత హాస్టలులో నివాసముంటూ, పేరు కొట్టివేయబడని విద్యార్థిని ఎవరైనా, ఎన్నేళ్ళు గడిచినప్పటికీ, మిగిలిన పేపరు రాయవచ్చును" అని రాయించి సంతకం చేశాడు.

హాస్టల్లో ఆ వారం ఎవరికీ అన్నం సయించలేదు. పదిహేడక్క పాసవ్వాలని కోరుకోవాలో, తప్పాలని కోరుకోవాలో తెలీక పిల్లలు తల్లడిల్లారు.

"నలభై ఏళ్ళు కాచుకుంది పాపం," అంది ఒకమ్మాయి. "రాయద్దని మనమెలా అంటాం?"

"ఎవరూ అనరు," అంది గంట. "ఆవిడ పేపరు ఆవిడ ఇష్టం. మనల్ని బయటికి నెడితే గేటు ముందు కూర్చుందాం. అది మన పని."

పరీక్ష చదువుల గదిలో పెట్టారు, పొద్దున పదింటికి. ఒక కుర్చీ, ఒక బల్ల, ప్రశ్నపత్రం, జవాబు పుస్తకం. పర్యవేక్షణకి గణితశాఖ పెద్దాయన స్వయంగా వచ్చాడు. వచ్చే ఏడాదితో ఉద్యోగం ముగిసే మనిషి. నలభై ఏళ్ళ క్రితం అదే తరగతిలో రెండో మార్కు ఆయనది.

అమ్మాయిలందరూ వరండాలో నేల మీద కూర్చున్నారు. గంట నాన్న గోడ పక్కన సైకిలు చక్రం ఊడదీసి చప్పుడు కాకుండా గుడ్డతో తుడుస్తున్నాడు. లోపల్నుంచి కాగితం మీద పెన్ను గీసుకుంటున్న శబ్దం ఆగకుండా వచ్చింది. రెండుసార్లు అదనపు కాగితాలు అడిగినట్టు పెద్దాయన లేచి ఇచ్చి వచ్చాడు. ఒంటిగంటకి బెల్లు కొట్టారు. ఆయన జవాబు పుస్తకం తీసుకుని బయటికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు రిజిస్ట్రారు గదిలో ఆ పుస్తకం తెరిచారు. మేట్రన్ని కూడా పిలిచారు, హాస్టలు తాళాలు తీసుకు రమ్మని.

"ఎనిమిది ప్రశ్నలు," అన్నాడు పెద్దాయన. "ఎనిమిదీ రాసింది. ఎనిమిదీ కరెక్టే. ఐదోది నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్న పద్ధతి కంటే పొట్టి పద్ధతిలో చేసింది."

"అయితే వందకి వంద!" అన్నాడు రిజిస్ట్రారు.

"సున్నా."

"అదేంటి?"

"ఎనిమిదీ కొట్టేసింది." పెద్దాయన పుస్తకం ఆయన వైపు తిప్పాడు. ప్రతి జవాబు మీదా ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే గీత. "కొట్టివేసిన జవాబులు దిద్దరాదు అని మొదటి పేజీలోనే అచ్చేశారు. మీ రూలే సార్."

"కొట్టేసినా కనిపిస్తున్నాయిగా! దిద్దండి!"

"నేను దిద్దను." ఆయన గొంతు పెంచలేదు. "ఆవిడ జవాబు అది. ఇవన్నీ నాకొచ్చు, కానీ మీరు చెప్పినట్టు పాసవ్వను అని రాసింది. అంత చక్కటి జవాబు నేను మళ్ళీ చూడను."

మళ్ళీ పరీక్ష ఏడాదికి గానీ రాదు. రిజిస్ట్రారు మొహం మాడిపోయింది. నోటీసు ఏడాది వాయిదా పడింది.

బయట కారిడార్లో పెద్దాయన మేట్రన్ని ఆపి ఆఖరి పేజీ చూపించాడు. ఏడు జవాబుల మీద గీతలు సూటిగా, ఒక్క ఊపున ఉన్నాయి. ఎనిమిదో జవాబు మీద గీత మొదలై, ఆగి, పెన్ను ఆనిన చోట సిరా చుక్కలా పొంగి, మళ్ళీ బయల్దేరి, మధ్యలో ఇంకోసారి ఆగింది. అదీ కొట్టేస్తే, నలభై ఏళ్ళుగా తనని ఈ లోకంలో ఆపిన పేపరు మళ్ళీ మిగిలిపోతుందని, తనకి వెళ్ళే దారి ఉండదని ఆ చెయ్యికి తెలుసు. మేట్రన్ ఆ సిరా చుక్క మీద వేలు పెట్టి, అక్కడే గోడకి ఆనుకుని, ఎవరు చూస్తున్నారన్నది కూడా పట్టించుకోకుండా ఏడ్చింది.

హాస్టల్లో ఆ రోజు చేసిన గోలకి మగపిల్లల హాస్టలు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. గంట నాన్న సంచీ తీసుకున్నాడు. కూతురు సర్దుకోలేదు, ఆయనా సర్దుకోమనలేదు. "మీ సీనియర్‌కి నా నమస్కారం చెప్పు," అని, బాగుచేసిన పదకొండు సైకిళ్ళూ వరసగా నిలబెట్టి వెళ్ళాడు.

మేట్రన్ గురించి పిల్లలకి తెలియని సంగతి ఒకటుంది. ఆవిడా ఒకప్పుడు ఆ హాస్టల్లోనే, పదహారో గదిలో ఉండి చదువుకుంది. ఆఖరి పరీక్షలప్పుడు నాన్నకి పక్షవాతం వచ్చిందని కబురొస్తే ఉన్నపళంగా బయల్దేరింది. టీసీ అడగాలని కూడా తోచలేదు. ఒక పేపరు రాయలేదు. నాన్నని చూసుకోవడంలో పదిహేనేళ్ళు గడిచిపోయాయి. తర్వాత మేట్రన్ ఉద్యోగానికి వచ్చి ఆ హాస్టల్లోనే ఉండిపోతే ఎవరూ డిగ్రీ కాగితం అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఎవరైనా "మీరేం చదివారు?" అంటే, "ఇక్కడే చదివానమ్మా" అని మాట మార్చేసేది.

మళ్ళీ పరీక్షల కాలం దగ్గరపడింది. దరఖాస్తులు వచ్చిన రోజు మేట్రన్ బల్ల మీద రెండు ఫారాలు నింపి ఉన్నాయి. ఒకటి పదిహేడక్కది. రెండోదాని మీద ఇరవై తొమ్మిదేళ్ళ నాటి తన నంబరు, తన పేరు, మిగిలిన పేపరు వివరం, అన్నీ పదిహేడక్క గుండ్రటి దస్తూరీలో ఉన్నాయి. సంతకం చోటు మాత్రం ఖాళీ. దాని చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా.

మేట్రన్ దాన్ని చింపేసింది. మర్నాడు మరొకటి వచ్చింది. దాన్ని సొరుగులో దాచింది. మూడోది గంట కంటబడింది.

"మేట్రనమ్మా," అంది. మొదటిసారి దాని గొంతు చిన్నదైంది. "మీకు డిగ్రీ లేదా?"

చుట్టూ ఇరవైమంది పిల్లలున్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం మేట్రన్‌కి బాగా అలవాటే. కానీ నలభై ఏళ్ళు కాచుకున్న డిగ్రీని ఒక్క గీతతో వదులుకున్న మనిషి పైన ఉంది, వింటోంది.

"లేదు," అంది మేట్రన్. "ఒక్క పేపరు మిగిలిపోయింది."

ఎవరూ నవ్వలేదు. "ఏ పేపరు?" అని అడిగింది గంట.

"లెక్కలు. ఆఖరిది."

"మనకి పరీక్ష ఇంకా రెణ్ణెల్లుంది," అంది గంట. దాని గొంతు మళ్ళీ మామూలైపోయింది. "మధ్యాహ్నం రెండింటికి చదువుల గదికి రండి. ఆలస్యం చేస్తే ఊరుకోను."

రెణ్ణెల్లూ మేట్రన్‌కి చుక్కలు కనిపించాయి. నేర్చుకున్నదంతా ఎప్పుడో ఆవిరైపోయింది. పిల్లలు వంతులేసుకుని చెప్పారు. పుస్తకం గూట్లో పెడితే మొదట్లో పేజీ నిండా సున్నాలే. ఒకరోజు కోపం ఆపుకోలేక మెట్ల కింద నిలబడి, "వయసైపోయింది నాకు, బుర్రకి ఎక్కట్లేదు!" అని పైకి అరిచింది. మర్నాడు సున్నాలు ఇంకా ఎక్కువే ఉన్నాయి. ఏమాత్రం జాలి చూపించలేదని మేట్రన్‌కి ఒళ్ళు మండింది, ఆ మంట మీదే ఆ అధ్యాయం మొత్తం మళ్ళీ చేసింది.

దరఖాస్తు పంపినప్పుడు పరీక్షల ఆఫీసు గుమాస్తా రెండుసార్లు చదివి, ఉత్తర్వు తీసి చూశాడు. నివాసం పాత హాస్టలు. పేరు కొట్టివేయలేదు. ఎన్నేళ్ళు గడిచినప్పటికీ. కాగితాల కట్టలో కలిపి పైకి పంపాడు. రిజిస్ట్రారు చూడకుండానే సంతకం పెట్టాడు.

పరీక్షరోజు చదువుల గదిలో రెండు బల్లలు వేశారు. పది కొట్టగానే పక్క బల్ల మీద పెన్ను కదిలింది. మేట్రన్ ప్రశ్నపత్రం చూసింది. ఎనిమిదింట్లో రెండు తెలియనే తెలియవు, ఒకటి సగం తెలుసు. మిగతా ఐదూ వచ్చు. ఆ మూడు గంటల్లో ఆవిడ యాభై ఎనిమిది మార్కులకి సరిపడా రాసిందని తర్వాత తేలింది. అప్పుడు మాత్రం ఒక్కో లెక్కా రెండేసిసార్లు సరిచూసుకుంటోంది.

పదిన్నరకి తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఈసారి పదిహేడక్క ఏదీ కొట్టెయ్యకుండా తనే దగ్గరుండి చూడాలని రిజిస్ట్రారు వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి, రెండో బల్ల దగ్గర మనిషిని చూసి ఆగిపోయాడు.

"మేట్రన్ గారూ! మీరిక్కడ కూర్చున్నారేంటి? ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

మేట్రన్ హాల్ టికెట్టు తీసి, కింద ఆయన సంతకం కనిపించేలా బల్ల అంచున పెట్టింది. ఆయన ఇంకేదో అనబోయాడు. ఆవిడ తలెత్తి సూటిగా చూసింది.

"కాస్త బయటికి నడవండి సార్," అంది. "పరీక్ష రాస్తున్నాం."

తర్వాత తల వంచుకుని మూడో ప్రశ్న మొదలెట్టింది.